సభారంజనము: ఊఁ కొట్టించు విద్య



ఈ వార్షిక మహాసభలో సభారంజనమును గూర్చి 40 నిమిషములు మాటలాడవలసినదిగా కార్యదర్శులు మమ్ము కోరిరి. సంస్కృతము చదివిన ముసలి ఉపాధ్యాయుఁడు గదా, నాలుగు శ్లోకములు చదివి, నలుగురు పెద్దలను పొగడి కూర్చుండునని వారు తలఁచి యుందురు. శ్లోకములు మేము నేఁడు చదువము. పొగడ్తల పనిని మాకు ముందు మాటలాడినవారు సంపూర్ణముగా నెఱవేర్చిరి.

రంజన మనఁగా నవ్వించుట యని పలువురి తలంపు. ఆ పదమునకు మూలమగు ధాతువునకు రంగు పట్టుట యని యర్థము. నూలు రంగును పట్టునట్లు వినువాని మనస్సు చెప్పువాని మాటను పట్టవలెను. అద్దకమువాఁడు నూలును ముందుగా నానఁబెట్టి, ఉతికి, సిద్ధపఱుపక రంగులో ముంచినచో మొదటి ఉతుకునకే అది వెలిసిపోవును. చీరాల నేఁతగాండ్రకు ఈ సంగతి తెలియును. వేదిక నెక్కువారిలో పలువురకు తెలియదు.

ఇది వినోదమునకు సంబంధించిన విషయ మనుకొనవలదు. మన సభల తీరు చూడుఁడు. ఆహ్వానపత్రమున 10 గంటలని యుండును. ముఖ్య అతిథి 12 గంటలకు వచ్చును. జ్యోతిని వెలిగించుట, స్వాగతోపన్యాసము, శాలువలు, పూలమాలలు, జ్ఞాపికలు, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఛాయాచిత్రము. ఆపైని భోజనము. భోజనానంతరము విద్యార్థి వసతిగృహపు లెక్కలు, పేదపిల్లల చదువులకు వేతనములు, ఆడపిల్లలకు వేఱుగా గదులు కట్టించు ప్రసక్తి. అప్పటికి పందిటిలో నుండువా రెవరు? కల్లములో మిరపకాయ ఆరఁబోసి, మబ్బువంక చూచుచు వచ్చిన రైతు లేచిపోయి యుండును. మఱునాఁడు పత్తి తీయుటకు కూలీలను మాటలాడుకొనవలసిన యిల్లాలు వినుకొండ బస్సుకో, ఒంగోలు బస్సుకో పోయి యుండును. మిగిలిన ముప్పదిమంది చేతులెత్తఁగా తీర్మానము ఏకగ్రీవ మగును. తరువాత ఏఁడాది పొడవునను గ్రామములలో వినవచ్చు మాట యొక్కటియే: "ఎవర్నడిగి చేశారండీ?" చందా పుస్తకము పట్టుకొని వెళ్లినవానికి మంచినీళ్లిచ్చి పంపుదురు. సభలో విసుగు పుట్టించుటవలన వసతిగృహమున నష్టపోవునది విద్యార్థి.

ఇఁక అసలు విషయము. జనులను కూర్చుండఁబెట్టు విద్య విదేశమునుండి రావలసినది కాదు. దానికి తెనుఁగున ఒక చిన్న మాట యున్నది: ఊఁ కొట్టుట. అమ్మమ్మ కథ చెప్పఁగా పిల్లవాఁడు ఊఁ కొట్టును. ఊఁ ఆగినచో ఆమె కథ నాపి, "నిద్రపోయావా నాయనా?" యని యడుగును. నిద్రపోయినచో దుప్పటి కప్పి తానును పండుకొనును. అంతియే గాని నిద్రించినవానికి మిగిలిన కథ చెప్పదు. మన ఉపన్యాసకులలో నిద్రించినవారికి గంటసేపు చెప్పఁగల సమర్థులు కలరు.

ఈ ఊఁ యనునది వినువాని వాటా. కథలో అతనికొక భాగమున్నది; అతఁడు లేక కథ ముందునకు సాగదు. మా విన్నపము సమస్తము ఈ యొక్క మాటలో నున్నది: సభలో శ్రోతకు వాటా యిచ్చినంతకాలము అతఁడు కూర్చుండును, తీసివేసిన క్షణమున శరీర మక్కడనే యుండి మనస్సు కల్లమునకుఁ బోవును.

మన ప్రాచీనులు దీనిని బాగుగ నెఱుఁగుదురు. భారతమును చూడుఁడు. నైమిశారణ్యమున శౌనకాదులు అడుగుదురు, సూతుఁడు చెప్పును. ఆతఁడు చెప్పు కథలో జనమేజయుఁడు అడుగును, వైశంపాయనుఁడు చెప్పును. ఎవరును అడుగనిదే ఎవరును చెప్పరు. శాస్త్రగ్రంథములకు సైతము ఒక నియమము కలదు. విషయమేమి, ప్రయోజనమేమి, ఈ రెంటికిని సంబంధమేమి, దీనిని వినుటకు అధికారి యెవఁడు అను నాలుగు ముచ్చటలు ఆరంభముననే తెలుపవలెను. వీనిని అనుబంధ చతుష్టయ మందురు. మన వేదికలపై విషయము అరగంటకు బయటపడును. ప్రయోజనము వక్తకే తెలియదు. అధికారి అప్పటికే లేచిపోయి యుండును.

భరతముని నాట్యశాస్త్రమున 27వ అధ్యాయమునందు ప్రదర్శనము ఫలించినదా లేదా యని తెలిసికొను గుఱుతులు చెప్పెను. ప్రేక్షకుఁడు చిఱునవ్వు నవ్వుట, బిగ్గరగా నవ్వుట, సాధువనుట, అయ్యో కష్టమనుట, ఆసనమునుండి లేచుట, వస్త్రములు విసరుట ఇవి మానుషీ సిద్ధులు. వీనికి పైన దైవీ సిద్ధి యొకటి కలదు. రంగము నిండుగ నుండి, సద్దు లేక, కలఁత లేక ప్రేక్షకు లందఱును తన్మయులగుట. నిశ్శబ్దమే ఉత్తమ ఫలమని చదివి కొందఱు మన పందిళ్లలోని నిశ్శబ్దమును చూపి మురియుదురు. అది భోజనముతో వచ్చిన సిద్ధి. దానికిని దైవీ సిద్ధికిని భేదము తెలియుటకు వక్త కాగితమునుండి తల యెత్తవలెను.

పుస్తకముల మాట చాలును. మన ప్రాంతమునకే వత్తము.

పల్నాట కారెంపూడిలో ప్రతి కార్తికమాసమునందును వీరుల ఉత్సవము జరుగునని మీ రెఱుఁగుదురు. 12వ శతాబ్దమునాఁటి పల్నాటి యుద్ధమును వీరవిద్యవంతులు నేఁటికిని గానము చేయుచున్నారు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమగు పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చు వేయించిరి. పుస్తకము రాకముందును, వచ్చిన పిదపను ఆ కథ జనుల నోళ్లలోనే యున్నది. ఉత్సవము 5 దినములు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కోడిపోరునాఁడు కోళ్ల పందెపు ముచ్చట అక్కడి జనులయెదుట మఱల జరుగును. వీరుల ఆయుధములను పూజించువారు దూరగ్రామముల నుండి వానిని మోసికొని వత్తురు. ఆ కథలో కొత్త యేమున్నది? బాలచంద్రుఁడు మరణించునని అయిదేండ్ల పిల్లవానికిని తెలియును. ఐనను జనులు కదలరు. వా రక్కడ కథ వినుటకు మాత్రమే రాలేదు, కథలోనికి వచ్చిరి. ఒకఁడు ఆయుధము మోయును, ఒకఁడు నాగులేట స్నానము చేయును, ఒకఁడు తన తాత నిలువఁబడిన చోటనే నిలువఁబడును. క్రొత్త సంగతులు చెప్పినఁగాని సభ నిలువదని తలఁచువారు ఒక్కమాఱు కారెంపూడికిఁ బోయి రావలెను.

బుఱ్ఱకథను గూర్చి కొంత విరివిగాఁ జెప్పెదము. మా అభిప్రాయమున శ్రోతకు వాటా యిచ్చు విద్యను ఇంత చక్కఁగా అమర్చిన కళ వేఱొకటి లేదు. నడుమ కథకుఁడు భుజముపైఁ దంబురతో నిలుచును, చేతివ్రేళ్లకు అందెలు. ఇరుప్రక్కల వంతగాండ్రు ఇద్దఱు గుమ్మెటలతో నుందురు. ఒకఁడు హాస్యము చెప్పును, వేఱొకఁడు రాజకీయము చెప్పును. చూచువారికి వీరు కేవలము తందాన యనుటకు వచ్చిన సహాయకులవలెఁ దోఁతురు. నిజమునకు వారిద్దఱును మన పక్షమున వేదిక నెక్కిన ప్రతినిధులు.

హాస్యపు వంత చేయు పని గమనింపుఁడు. కథకుఁడు "లక్ష సైన్యము కదలినది" యని వీరావేశమునఁ జెప్పినాఁడనుకొందము. హాస్యగాఁడు మధ్యలో, "అంతమందికీ అన్నం ఎవరు వండారు గురూగారూ?" యనును. జనులు నవ్వుదురు. ఆ ప్రశ్న వెనుక వరుసలోని కూలివాని మనస్సున నున్నదే. అతఁడు పైకి అడుగలేఁడు, వంత యడిగినాఁడు. దానికి కథకుఁడు బదులు చెప్పి, సైన్యమునకు ధాన్యమిచ్చిన గ్రామముల కష్టము వర్ణించి, నవ్వుచున్నవారిచేతనే కంటనీరు పెట్టించును. రాజకీయపు వంత యంతలో నందుకొని, ఆనాఁటి పన్నులకును ఈనాఁటి పన్నులకును ముడివేయును. అర్థము కానివాని పక్షమున నొకఁడు, "ఇది నాకేల?" యనువాని పక్షమున నొకఁడు. సభనుండి లేచిపోవువా రందఱును ఈ రెండు కారణములలో నొకదానికే లేచిపోవుదురని మా అనుభవము.

ఈ విద్యను శిఖరమున కెక్కించినవారు మన ప్రాంతమువారే. షేక్ నాజరుగారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లున జన్మించిరి. ఆయన ఆత్మకథకు 'పింజారి' యని పేరు. దూది యేకుట ఆ కులమువారి వృత్తి. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు కథ, 1943 నాఁటి బెంగాలు కరవు మున్నగువానిని ఆయన ఊరూరఁ జెప్పిరి. 1986లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. 1997లో దివంగతులైరి. అరువది దాఁటిన మనవారిలో ఆయన కథ విననివారు అరుదు. బెంగాలు ఎచ్చట, మన నల్లరేగడి పల్లెలెచ్చట! వంగదేశపు ఆఁకలిని వినుకొండ తాలూకా రైతుకు సొంత ఆఁకలిగాఁ జేయవలెనన్నచో అంకెలు చదివినఁ జాలదు. దూదియేకువాఁడు ముద్దకట్టిన దూదిని పింజపింజగా విప్పును. గింజ, నలుసు క్రిందికి రాలిపోవును. నాజరుగారు కథను అట్లే విప్పిరి. మన ఉపన్యాసములలో గింజయు, నలుసును, దూదియు కలిసి ఒకే బోరెముగా శ్రోత తలపైఁ బడుచున్నవి.

వంతగాండ్రను వెంటఁబెట్టుకొని వేదిక నెక్కుట అందఱికిని సాధ్యమా యని యడుగుదురు. అక్కఱలేదు. మీ ఉపన్యాసమును సభకు ముందునాఁడు తొమ్మిదవ తరగతి చదువు పిల్లకు వినిపింపుఁడు. ఆమె "అంటే ఏంటి తాతయ్యా?" యన్నచోట హాస్యపు వంత యున్నాఁడు. ఆమె కిటికీలోనుండి వీధివంక చూచినచోట రాజకీయపు వంత కావలెను. మేము బడిలోనున్న కాలమున మొదటి బల్లవారి ముఖములు చూచి పాఠము చెప్పెడివారము కాము. మొదటి బల్లవాఁడు అర్థము కాకున్నను తల యూఁపును. అది వాని మర్యాద. చివరి బల్లవాని యెడమచేయి ఏమి చేయుచున్నదో చూచినఁ బాఠము సంగతి తెలియును.

అవధానమును గూర్చి ఒక్క మాట చెప్పి విడిచెదము. తిరుపతి వేంకటకవులు, నరసరావుపేట చెంతనున్న కొప్పరమునఁ బుట్టిన కొప్పరపు సోదరకవులు సభలను ఉఱ్ఱూత లూపిన కాలమును మన తాతలు చెప్పుకొనెడివారు. అష్టావధానమున సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటి కఠిన విషయముల నడుమ అప్రస్తుత ప్రసంగ మని ఒక యంశమును పెద్దలు పెట్టిరి. ఛందస్సు తెలియనివానికిని సభలో చోటుండవలెనని దాని భావము. నిషిద్ధాక్షరి అర్థము కాని వర్తకుఁడు అప్రస్తుతపు చమత్కారమునకు నవ్వి, ఆ నవ్వుతో మఱల పద్యమునకు చెవి యొగ్గును. గమనింపుఁడు: అప్రస్తుత మచ్చట ఎనిమిదింట నొక్కటి. మన సభలలో ఎనిమిదింట ఏడు.

ఇప్పుడు చీరాలకు పోవుదము. అచ్చటి సంగతిలో ప్రమాద మెక్కువ. నవ్వులతో ముగియునది కాదు.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన విద్వాంసులు. ఆంధ్రరత్న బిరుదాంకితులు. చీరాల, పేరాల గ్రామములను ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చఁగా పన్నులభారము పెరిగెను. నేఁతపనివారును, చిన్న సంపాదనలవారును ఎక్కువగానుండిన ఊళ్లవి. పురపాలక శాసనము, పన్ను విధించు పద్ధతి, యూనియనునకును మునిసిపాలిటీకిని భేదము వీనికంటె పొడి విషయ మేమున్నది? నేఁడు మన వేదికపై నెవరైన దీనిని చదివినచో పది నిమిషములలో కుర్చీలు మిగులును. ఆ విషయమును పట్టుకొని గోపాలకృష్ణయ్యగారు జనులను కదలించిరి. రామదండు అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చిరి. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముఁడు చీరాలకు వచ్చెను. ఊరే విడిచిపోయినచో పురపాలక సంఘ మెవరిని పాలించును? సుమారు 15,000 జనులలో 13,000 మందికి మించి ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, సుమారు 11 నెలలు ఎండకును వానకును ఓర్చి నిలిచిరి.

ఇంతమందిని ఒక వాగ్ధాటి కదలించినదని వ్రాయుట పరిపాటి. మే మట్లు తలఁపము. ధాటిగా మాటలాడువారు ఆ కాలమున ఊరూరను కలరు. గోపాలకృష్ణయ్యగారు శ్రోతకు చేయుటకొక పని యిచ్చిరి. "మీరు వినుఁడు, నేను పోరాడెదను" అనలేదు. ఇల్లాలు వంటపాత్రలు సర్దుకొనవలెను, నేఁతగాఁడు మగ్గము విప్పవలెను, కుఱ్ఱవాఁడు పాకకు గుంజలు పాఁతవలెను. ఉపన్యాసము ముగిసిన మఱుక్షణమున ప్రతివాని చేతికిని పనియున్నది. ఇంటికిఁ బోవునప్పుడు ఏమి చేయవలెనో తెలిసినవాఁడు వక్త మాటను చెవియొగ్గి వినును. తన యిల్లే సంగతి గదా! ఆ ఉద్యమము చివరకు గెలువలేదు. గోపాలకృష్ణయ్యగారు చెఱసాలకుఁ బోయిరి, జనులు తిరిగి ఊరు చేరిరి, పురపాలక సంఘము నిలిచెను. 1928లో ఆయన 40 ఏండ్లైన నిండక మునుపే కాలధర్మము నొందిరి. గెలుపోటముల విచారణ చరిత్రకారులది. పన్నుల పట్టికను 13,000 మంది తమ యింటి సంగతిగా వినుట మాత్రము మన విషయమునకు సంబంధించినది.

ఇంకను దగ్గఱి కాలమునకు వత్తము. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు మిరప తోఁటలపైఁ బడిన సంగతి ఈ పందిటిలో నెవరికిని గుర్తు చేయ నక్కఱలేదు. పూఁత లోపల దాఁగి, పూవును రాల్చి, కాయను గిడసఁబార్చినది. ఆ దినములలో ఒక గ్రామమున జరిగిన రెండు సభలను మేము చూచితిమి. ఊరిపేరును, వక్తల పేర్లును అనవసరము.

మొదటి సభలో వక్త విద్వాంసుఁడు. తెల్లని తెరపై యంత్రముతో పటములు వేసి చూపెను. పురుగు శాస్త్రనామము త్రిప్స్ పార్విస్పైనస్ అనియు, 2015లో బెంగుళూరు బొప్పాయి తోఁటలలో మనదేశమున మొదట కనఁబడినదనియు, దాని జీవితచక్రము ఇట్టిదనియు చెప్పెను. అన్నియు సత్యములే. తెరపైనున్న అక్షరములనే ఆయన చదువుచుండఁగా, చదువు వచ్చినవారు ఆయనకంటె ముందే చదివి ముగించిరి. రానివారు తెరవంక చూచుట మానిరి. అరగంటలో సగము మంది వీధిలోని పురుగుమందుల దుకాణమువద్ద చేరిరి. దుకాణదారుఁడు చెప్పినది తక్కువ, అడిగినది ఎక్కువ. "ఎన్నెకరాలు బాబాయ్? పూతమీదుందా? నిన్నేం కొట్టావు?" మూఁడు ప్రశ్నలు, నాలుగు సీసాలు, అప్పుఖాతా. శ్రోతకు వాటా యిచ్చువాఁడు మంచివాఁడే కానక్కఱలేదని మేమానాఁడు చూచితిమి. మందులు కలిపి కలిపి కొట్టఁగా ఆ పురుగును తిను మిత్రపురుగులు చచ్చి, అది ఇంకను హెచ్చుననుట లోపల వక్త చెప్పుచున్న మాటయే. వినవలసినవారు బయట సీసాలు కొనుచుండిరి.

వారము దినములకు రెండవ సభ. వేపచెట్టు క్రింద. వచ్చినది వ్యవసాయశాఖలోని ఒక చిన్న ఉద్యోగిని. మా శిష్యురాండ్ర యీడుది. తెర లేదు, యంత్రము లేదు. "ఎవరి చేలోనుంచైనా నాలుగు మిరపపూలు కోసుకురండి" యని మొదటి మాటగా పలికెను. పూలు వచ్చువఱకు మాటలాడలేదు. ఒక తెల్లకాగితముపై పూవును తట్టెను. నల్లని సన్నని పురుగులు కాగితముపైఁ బరుగెత్తెను. ముసలివారు కండ్లద్దములు సవరించుకొనిరి. "పెదనాన్నా, లెక్కపెట్టండి, ఎన్నున్నయ్యి?" ఒకరు పది యనిరి, ఒకరు పదునాలుగనిరి, వివాదము పుట్టెను. వివాదము పుట్టిన సభ చెదరదు. అప్పుడామె, "పురుగు పూలోపల కూర్చుంటే, మనం కొట్టే మందు ఎక్కడ పడుతుంది?" అనెను. కొంతసేపటికి వెనుకనుండి ఒక కౌలురైతు, "ఆకుమీద" అనెను. అందఱును మౌనము వహించిరి. మేము ముందు చెప్పిన దైవీ సిద్ధిని ఆ వేపచెట్టు క్రింద చూచితిమి. ఆపైని నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె, ఏ మందును మఱల మఱల కొట్టరాదో ఇవి యన్నియు ఆమె చెప్పఁగా గంటసేపు ఒక్కఁడును కదలలేదు. ఆ యేఁటి తెగులు చాలమంది పంటను తినివేసినది. ఒక ఉపన్యాసముతో పోవునది కాదది. కాని ఆ చెట్టుక్రింద కూర్చుండినవారిలో కొందఱు దుకాణమున నాలుగు సీసాలకు బదులు ఒక్కటి కొనిరని తరువాత విన్నాము. పంట పోయిన యేఁట అప్పు తక్కువగా నుండుట చిన్న విషయము కాదు.

యంత్రములపై మాకు కోపము లేదు. తెరపై చిత్రము వేయుట మంచిదే. పూవు దొరకనప్పుడు పూవు బొమ్మ చూపవలసినదే. తెరపై వాక్యములు వేసి వానినే చదువుట మాత్రము, అన్నము వడ్డించి అతిథి పక్షమున తానే తినుట వంటిది. చేతి దూరవాణులను చూచుచు కూర్చుండు యువకులను మందలించు పెద్దలను చూచుచున్నాము. మా బాల్యమున ఆ పరికరములు లేవు. అప్పుడు విసుగెత్తినవాఁడు ముందు కూర్చున్నవాని పిలకకు దారము కట్టెడివాఁడు. పరికరము మారినది.

ఇఁక మేము చెప్పఁబోవు మాట కొందఱికి రుచింపకపోవచ్చును. పోషకులు మన్నింతురుగాక. కులసభను కదలకుండఁ గూర్చుండఁబెట్టుటకు అతి సులభమైన ఉపాయ మొకటి కలదు. పొరుగు కులమును నిందించుట. "మనవారికి అన్యాయము జరిగినది, వారు మన కూడు తినుచున్నారు" అని గొంతెత్తినచో చప్పట్లు మ్రోఁగును, ఈలలు వేయుదురు, బస్సు తప్పినను ఎవఁడును లేవఁడు. ఇదియును ఒక విధమగు ఊఁ కొట్టించుటయే యని యువకుఁడొకఁడు మాతో వాదించెను. పిల్లవానికి దయ్యము కథ చెప్పినను ఊఁ కొట్టును. ఆ రాత్రి పక్క తడుపును. నాజరుగారు బ్రహ్మనాయని చాపకూటి కథను, కన్నమదాసు శౌర్యమును చెప్పినప్పుడు ఎదుట అన్ని కులములవారును ప్రక్కప్రక్కనే కూర్చుండిరి. దూదేకుల యింటఁ బుట్టినవాఁడు పల్నాటివీరుల కథ చెప్పఁగా నాగమ్మ పక్షము, బ్రహ్మన్న పక్షము అని జనులు వాదించుకొనిరి గాని చెప్పువాని కులమేమని యడిగి లేచిపోయినవారు లేరు. మన వేదికనుండి వెలువడు మాట ఈ పందిరి గుడ్డ దాఁటి పొరుగు వీధికి వినఁబడుచున్నదని వక్తలు గుర్తుంచుకొనవలెను. ధ్వనివర్ధకములు మంచివి తెప్పించితిమి గదా.

సన్మానముల సంగతి. శాలువ కప్పుటకు రెండు నిమిషములు, కప్పించుకొన్నవారు మాటలాడుటకు పది. పదునెనిమిది మందికి సన్మాన మున్నదని నేఁటి కార్యక్రమ పత్రమునఁ జూచితిమి. లెక్కలమాస్టరు కాకపోయినను మాకు గుణకారము వచ్చును. సన్మానితులు మహనీయులే, వారి యౌదార్యమువలననే ఈ పందిరి లేచినది. ఐనను ఒక్కొక్క దాత తన బిరుదములు వినిపించుకొనుటకు మాఱుగా, తన ధనముతో చదివిన ఒక విద్యార్థినో విద్యార్థినినో వేదికపైకిఁ బిలిచి రెండు మాటలు చెప్పించినచో జనులు విందురు. దాతకును కీర్తి హెచ్చును.

భోజనానంతరము వసతిగృహపు లెక్కలు చదువవలసిన కార్యదర్శులకు మా మనవి. గతసంవత్సరపు నిలువ, రాబడి, ఖర్చు, మిగులు అను వరుసను అచ్చువేసి పంచిపెట్టుఁడు. వేదికపై నుండి దానిని చదువవలదు. "ఒక పిల్లవానికి నెలకు ఎన్ని కిలోల బియ్యము కావలెను? మీ యింట ఎంత యగుచున్నది?" అని స్త్రీలవైపు అడుగుఁడు. బియ్యపు ధర వారికి మనకంటె బాగుగఁ దెలియును. వారు చెప్పిన లెక్కను నల్లబల్లపై వ్రాయుఁడు. ప్రక్కన మన వసతిగృహపు లెక్క వ్రాయుఁడు. రెంటికిని తేడా యున్నచో "ఎందుకు?" అని వారే యడుగుదురు. అడిగినవారికి బదులు చెప్పుట సులభము, వారు తీర్మానమునకు చేయెత్తిన పిదప ఊరికిఁబోయి "ఎవర్నడిగి చేశారు?" అనరు. ఆడపిల్లల గదుల ప్రసక్తి వచ్చినప్పుడు, కూఁతురిని చదువు మాన్పించిన తల్లి యెవరైన ఈ సభలో నున్నచో, బలవంతపెట్టక, ఆమె యిష్టమైనచో ఆమెచేతనే మొదట చెప్పింపుఁడు. వీలైనచో ఈ రెండు విషయములను భోజనమునకు ముందే తీసికొనుఁడు. శాలువలు సాయంకాలమువఱకు చెడిపోవు.

మాకిచ్చిన 40 నిమిషములలో ఇంకను 7 మిగిలియున్నవి. అడుగఁదలఁచినవారు అడుగవచ్చును. మొదటి ప్రశ్న ఎడమవైపు కూర్చున్న అక్కచెల్లెండ్రది. నాయనా, ఆ ధ్వనివర్ధకము వారివద్దకుఁ బంపుము.